చూడకుండానే ఆడుతున్నాం, మియజాకీ గారూ

హిదెతాకా మియజాకీ గారికి,
అధ్యక్షులు, ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్, టోక్యో.



మీ ఇంటిపేరు వినగానే మా దగ్గర చాలామందికి గుర్తొచ్చేది బొమ్మల సినిమాలు తీసే హయావో మియజాకీ గారు. అందుకని పాఠకులకు ముందే చెప్పేస్తున్నాను. ఈ ఉత్తరం ఆయనకు కాదు. 2009లో డెమన్స్ సోల్స్, 2011లో డార్క్ సోల్స్, 2022లో ఎల్డెన్ రింగ్ తయారుచేసిన మియజాకీ గారికి. వీడియో గేమ్ అంటే పిల్లలు అన్నం తినకుండా చేసే వ్యవహారం అనుకునే పెద్దలు కూడా పేజీ తిప్పకుండా కాసేపు ఉండండి. ఇందులో తగువు ఆట గురించి కాదు. మనకు తెలియనిదాన్ని మనమే తెలుసుకునే అవకాశం ఎవరి చేతిలో ఉండాలన్నదే తగువు.

మియజాకీ గారూ, మీ ఎల్డెన్ రింగ్ మూడు కోట్ల కాపీలు దాటిందని 2025లో ప్రకటించారు. ఆ కోట్లలో మేం కొద్దిమందిమి ఉన్నాం. ఆట రహస్యాలన్నీ విప్పి చెప్పే వికీ తెరవం. యూట్యూబ్‌లో దారి చూపించే వీడియోలు చూడం. 'ఫలానా కత్తి ఎక్కడ దొరుకుతుంది' అని గూగుల్‌ని అడగం. దారి తప్పితే తప్పుతాం, చస్తే మళ్లీ లేస్తాం. మమ్మల్ని చూసి మిగతావాళ్లు ఇదేదో ఉపవాస దీక్ష అనుకుంటారు. దీక్షా కాదు, గొప్పా కాదు. ఆట అలా ఆడితేనే బాగుంటుంది, అంతే. కాకపోతే అలా ఆడేవాడి పట్ల మీరు అన్నిచోట్లా ఒకేలా ప్రవర్తించలేదు. ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే.

మీరు బాగా చేసినచోటు నుంచే మొదలుపెడతాను.

తలుపు తోసుకుని మొదటిసారి బయటికి రాగానే లిమ్‌గ్రేవ్ అనే మొదటి ప్రాంతమంతా ఒక్కసారిగా కనిపిస్తుంది. దూరంగా ఆకాశమంత ఎత్తున బంగారు చెట్టు. నాలుగడుగులు దిగితే బంగారు కవచం తొడిగిన రౌతు ఒకడు, అలాంటి కవచమే వేసిన గుర్రం మీద దారికి అడ్డంగా పహరా తిరుగుతుంటాడు. ఆటలో మొట్టమొదట ఎదురైనవాడు మన చేతిలో ఓడిపోవడానికే ఎదురవుతాడని మిగతా ఆటలు మాకు అలవాటు చేశాయి. కత్తి దూసి వెళ్లిన ప్రతివాడూ అక్కడ రెండు దెబ్బలకు నేల కరుస్తాడు. మళ్లీ వెళ్లి మళ్లీ చస్తాడు. కొంతసేపటికి బుర్రలో దీపం వెలుగుతుంది. వీణ్ణి ఇప్పుడే ఓడించాలని ఎవరూ అనలేదే! చెట్ల చాటున పక్కనుంచి వెళ్లిపోవచ్చు కదా! ఆటంతటికీ పనికొచ్చే పాఠం ఇదే. మీరు దాన్ని ఒక్క మాటలో కూడా చెప్పలేదు. 'అతనితో ఇప్పుడే తలపడకండి' అన్న వాక్యాన్ని ముందే ఒక వీడియోలో విని వచ్చినవాడికి సమాచారం దొరుకుతుంది కానీ పాఠం దొరకదు.

మ్యాప్ సంగతీ అంతే. కొత్త ప్రాంతంలో అడుగుపెట్టినప్పుడు మ్యాప్ దాదాపు ఖాళీగా ఉంటుంది. అందులో ఒకచోట చిన్న రాతిస్తంభం గుర్తు మాత్రం మసకగా కనిపిస్తుంది. అక్కడికి వెళితే ఆ ప్రాంతపు మ్యాప్ ముక్క దొరుకుతుంది. ఒకసారి వెళితే ఇక మర్చిపోం. చూడకుండా ఆడేవాడికి కావాల్సిన సాయం ఇంతే. జవాబు చెప్పనక్కర్లేదు, చూసే కన్నుకు ఏదో ఒకటి కనబడేలా ఉంచితే చాలు.

ఇక సియోఫ్రా. ఈ చోటు గురించి చెబితే కొత్తగా ఆడేవాళ్లకు నేనే స్పాయిలర్ ఇచ్చినట్టు. కాబట్టి ఆడే ఉద్దేశం ఉన్నవాళ్లు వచ్చే పేరా వదిలేసి కిందికి వెళ్లండి.

మిస్ట్‌వుడ్ అడవిలో ఒక గుండ్రటి రాతి కట్టడం ఉంటుంది. లోపల లిఫ్టు. ఎక్కితే కిందికి దిగుతుంది. దిగుతుంది, దిగుతూనే ఉంటుంది. ఏదో నేలమాళిగ అయి ఉంటుంది, నాలుగు ఎలుకలూ ఒక పెట్టె దొరుకుతాయి అనుకుంటాం. లిఫ్టు ఆగేలోపే గోడలు పక్కకు తప్పుకుంటాయి. నేల అడుగున ఆకాశం! ఊదారంగు చీకటిలో లెక్కలేనన్ని చుక్కలు, కింద నది, ఒడ్డున కూలిపోయిన స్తంభాలు. నాకంటే ముందే ఆట పూర్తిచేసిన మేనల్లుడు ఆ రాత్రి ఫోన్‌లో ఉన్నాడు. "ఎక్కడున్నావు మామయ్యా?" అన్నాడు. "తెలీదురా, కిందికి దిగితే పైకి వచ్చినట్టుంది" అన్నాను. వాడు నవ్వి ఊరుకున్నాడు. వాడికి అంతకుముందు ఎన్నో రోజులుగా తెలుసు నేను ఆ అడవి చుట్టూనే తిరుగుతున్నానని. ఒక్క మాట కూడా జారలేదు. మా కుటుంబంలో రహస్యం దాచగలిగిన మొదటి మనిషి వాడే.

ఆ లిఫ్టు దిగువన ఏముందో చూపించే బొమ్మ ఆట విడుదలైన వారానికల్లా ఎన్నో వీడియోల ముఖచిత్రాల మీద ఉంది. వెతకాల్సిన అవసరం లేదు, ఫోన్ తెరిస్తే అదే వచ్చి ఎదురుగా నిలబడేది. ఆ తప్పు మీమీద వేయను, అది మీ చేతిలో లేదు.

ఇక్కడ మా వాళ్లు ఒక ప్రశ్న వేస్తారు. కథ ముందే తెలిస్తే ఏం పోయింది? ఇది కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదు. తెలుగువాళ్లం తెలిసిన కథను మళ్లీ మళ్లీ వినడంలో ఆరితేరినవాళ్లం. కురుక్షేత్రంలో ఎవరు గెలుస్తారో తెలిసే రాత్రంతా పౌరాణిక నాటకం చూశాం. 1957లో వచ్చిన మాయాబజార్‌ను టీవీలో వేసినప్పుడల్లా కూర్చుంటాం. పెళ్లికూతురి వేషంలో ఉన్నది ఘటోత్కచుడని తెలిసే నవ్వుతాం. అసలు తెలియడం వల్లే ఎక్కువ నవ్వుతాం. రెండోసారి చూస్తే పస పోయే సినిమాలో మొదటిసారీ పెద్దగా పస లేదని మా పెద్దల తీర్పు. నేనూ దానికి ఒప్పుకుంటాను.

ఆటలో మాత్రం ఆ లెక్క కుదరదు. మాయాబజార్‌లో తెర తీసేది కె.వి. రెడ్డి గారు, ఎప్పుడు తీయాలో ఆయనకు తెలుసు, మన పని చూడటం. మీ ఆటలో తలుపు తెరిచేది మేం. తెరవాలా వద్దా, ఇప్పుడా తర్వాతా, అసలు అది తలుపేనా అని తేల్చుకునేదీ మేమే. కథలో ఫలానావాడు చనిపోతాడని తెలిసినా ఆ మరణం మళ్లీ కదిలించగలదు. కానీ గోడ వెనక గది ఉందని ముందే తెలిసినవాడికి ఆ గోడను అనుమానించే పని ఇక ఉండదు. కథ చెడదు, మేం చేయాల్సిన పనిని మా చేతిలోంచి లాగేసుకున్నట్టవుతుంది. అందుకే స్పాయిలర్ అంటే కథ ముగింపు బయటపెట్టడం అనే సినిమావాళ్ల అర్థం ఇక్కడ సరిపోదు. ఎల్డెన్ రింగ్ కథ ముగింపు మొత్తం నాకు చెప్పేయండి, పెద్దగా బాధపడను. సగం నాకు అర్థమే కాదు. ఆ లిఫ్టు సంగతి మాత్రం చెప్పకండి.

చూడకుండా ఆడటమంటే ఒంటరిగా ఆడటం అనుకుంటారు. అది నిజం కాదని మీకు నాకంటే బాగా తెలుసు. మీరు ఒక ఇంటర్వ్యూలో చెప్పిన మంచు రోజు సంగతి చాలామంది ఆటగాళ్లకు కంఠతా వచ్చు. ఎత్తు రోడ్డు మీద ముందు కారు ఆగిపోయింది, వెనకవన్నీ ఇరుక్కుపోయాయి. వెనకున్నవాళ్లు ముందున్నవాళ్ల కారును నెట్టడం మొదలుపెట్టారు. మీరూ అలాగే పైకి చేరారు. ఆగి థాంక్స్ చెబుదామంటే మళ్లీ ఇరుక్కుపోతారు. అందుకని వెళ్లిపోయారు, చివర మిగిలినవాణ్ణి ఎవరు నెట్టారో అనుకుంటూ. మీ ఆటల్లో ముఖం తెలియనివాళ్లు ఒకరికొకరు సాయపడే పద్ధతి పుట్టింది అక్కడే, నేల మీద మెరిసే సందేశాలూ అందులో భాగమే. పక్కవాడి ముఖం చూడం, పేరు తెలియదు, మాట్లాడం. వాడు వదిలివెళ్లిన ఒక వాక్యం మాత్రం దొరుకుతుంది.

ఆ వాక్యం ఎలా రాస్తామన్నదే అందులోని తెలివి. సొంత మాటలు రాయనివ్వరు. మీరిచ్చిన అచ్చుల్లో మీరిచ్చిన పదాల్నే కూర్చాలి. 'ముందు రహస్య దారి', 'దూకి చూడు', 'ముందు అబద్ధాలకోరు'. వీటితో పూర్తి జవాబు చెప్పడం ఎవరివల్లా కాదు, అనుమానం రేకెత్తించడం వరకే. పైగా సగం అబద్ధాలు. ఉత్త గోడ ముందు 'రహస్య దారి' అని రాసి, మమ్మల్ని కత్తితో గోడలు కొట్టే పిచ్చివాళ్లను చేసిన మహానుభావులు ప్రతి దేశంలోనూ ఉన్నారు. లోయ అంచున 'దూకి చూడు' అని ఉంటుంది. పక్కనే నెత్తుటి మరక. ముట్టుకుంటే ఎవరో నిజంగానే దూకి చచ్చిన ఆఖరి క్షణాలు ఎర్రని నీడలా కనబడతాయి. సలహా ఇచ్చినవాడూ, దాన్ని నమ్మినవాడూ పక్కపక్కనే! ఇక మన బుర్ర మనం వాడుకోవాలి. మేనల్లుడి నవ్వులాంటిదే ఇదీ. తెలిసినవాడు పక్కనున్నాడు కానీ మన బదులు ఆడటం లేదు.

మీ దేశంలో ఇలా ఒకరికొకరు చెప్పుకుంటూ ఆడటానికి వంశవృక్షం కూడా ఉంది. 1984లో నామ్కో కంపెనీ కోసం మసనోబు ఎండో తయారుచేసిన టవర్ ఆఫ్ డ్రువాగాలో 60 అంతస్తులు. అంతస్తులో దాగిన పెట్టె బయటపడాలంటే ఏదో ఒక వింత పని చేయాలి, ఏ పనో ఆట చెప్పదు. కొన్ని వస్తువులు దొరక్కపోతే ఆట ముగియదు. ఒక్కడే నాణేలు వేసుకుంటూ పోతే జేబు ఖాళీ అవుతుంది తప్ప గోపురం ఎక్కలేడు. జపాన్ గేమ్ సెంటర్లలో పెట్టిన నోటు పుస్తకాల్లో ఆటగాళ్లు తాము కనిపెట్టింది రాసుకునేవారు, తర్వాత వచ్చినవాళ్లు దానికి కలిపేవారు. నేటి వికీకి తాత ఆ నోటు పుస్తకమే. తేడా ఒక్కటే. పుస్తకం నిండుతున్న రోజుల్లో అందరూ కలిసి వెతుకుతున్నారు. ఇవాళ మేం ఆట కొనేసరికే పుస్తకం నిండిపోయి ఉంటుంది.

సరే, ఇక తగువుకు వస్తాను.

మా పల్లెల్లో పొడుపుకథ వేసేవాళ్లకు ఒక నీతి ఉంది. విప్పు పొడుపులోనే దాగి ఉండాలి. విన్నవాడు ఓడిపోవచ్చు కానీ, జవాబు చెప్పాక 'అరె, నాకు తట్టలేదే' అనుకోవాలి. 'ఇది ఎవడికి తడుతుంది!' అనుకున్నాడంటే తప్పు పొడుపు వేసినవాడిది. మీ ఆటలో చోట్లన్నీ మంచి పొడుపుకథలు. మనుషుల కథలు చాలావరకు కావు.

చేతగాక కాదు. లిమ్‌గ్రేవ్‌లో ఒక పొద దగ్గరికి వెళితే ఎవరో పిలుస్తున్నట్టు గొంతు వినిపిస్తుంది. చుట్టూ ఎవరూ లేరు. చెవి పెట్టి వెతికితే ఆ పొదే మనిషి, బాక్ అనే దర్జీ! మిస్ట్‌వుడ్ శిథిలాల మీంచి తోడేలు ఊళ వినిపిస్తుంది. ఏం చేయాలో తెలియక వెనక్కి వెళ్లి చర్చిలో కూర్చున్న వ్యాపారి కాలేని అడిగితే, చిటిక వేయడం నేర్పుతాడు. తిరిగొచ్చి శిథిలాల కింద చిటిక వేస్తే బ్లైద్ కిందికి దూకుతాడు. విన్నాను, తెలిసినవాణ్ణి అడిగాను, చెప్పింది చేశాను. మామూలు బతుకులో మనుషులు చేసేదే. ఇక ఆ చిత్రకారుడి బొమ్మలు! పాడుబడ్డ గుడిసెలో ఒక ప్రకృతి దృశ్యం బొమ్మ దొరుకుతుంది. దాన్ని ఎక్కడ నిలబడి గీశాడో కనిపెట్టాలి. కొండ ఆకారం, చెట్టు ఎటు పక్కనుందో, కట్టడం ఏ కోణంలో ఉందో చూసుకుంటూ గుర్రం మీద తిరుగుతాం. సరైన చోటికి చేరితే ఆ చిత్రకారుడి ఆత్మ కుర్చీలో కూర్చుని కనిపించి, దగ్గరికి వెళ్లగానే మాయమవుతుంది. అక్కడో బహుమతి ఉంటుంది. అదేమిటన్నది నాకు పట్టలేదు. ఆ కొండను అతను చూసినచోటు నుంచే నేనూ చూశాను, అది చాలు.

ఇలాంటివి చేయగలిగిన మీరే మిల్లిసెంట్ కథ కూడా చేశారు. కేలిడ్ అనే ప్రాంతంలో ఒక గుడిసెలో గౌరీ అనే ముసలాయన ఉంటాడు (పేరు విని ఆడమనిషి అనుకుని వెళ్లే తెలుగువాళ్లకు ఒక చిన్న షాక్). కుళ్లిన చిత్తడిలో ఒక సేనాపతిని ఓడించి బంగారు సూది తెమ్మంటాడు. తెచ్చిస్తే బాగుచేస్తాడు. దాన్ని పాడుబడ్డ చర్చిలో జబ్బుపడి ఉన్న మిల్లిసెంట్‌కు ఇవ్వాలి. ఇక్కడిదాకా సూటిగానే ఉంది. ఆ తర్వాత ఆమె ఆల్టస్ పీఠభూమిలో ఒకచోట, గాలిమరల ఊళ్లో ఇంకోచోట, మంచుకొండల్లో మరోచోట, చివరికి చాలామంది జీవితంలో చూడని ఒక రహస్య ప్రాంతంలో కనిపిస్తుంది. తర్వాత ఎక్కడ కలుద్దామో చెప్పదు. ఆమెకు ఒక చేయి లేదు. ఆమెకు సరిపోయే కృత్రిమ చేయి ఎక్కడో ఒక కోటలో ఒక పెట్టెలో ఉంది. చేయి దొరికినవాడికి చేయి లేని మనిషి గుర్తురావడం సహజమే, గుర్తొస్తుంది కూడా. కానీ ఆ మనిషి ఎక్కడ? అంత విశాలమైన ప్రపంచంలో ఒక్క మనిషి కోసం రాయీ రప్పా గాలించడాన్ని అన్వేషణ అనలేం. మీ ఆటలోని అతి మంచి కథల్లో అదొకటి, వికీ చూడనివాడికి మాత్రం అది మొదటి మలుపులోనే ముగిసిపోతుంది. చూడకుండా ఆడినందుకు పడిన జరిమానా అది.

ఇది నా ఒక్కడి గోడు కాదని మీ కంపెనీయే ఒప్పుకున్నట్టుంది. ఆట 2022 ఫిబ్రవరి 25న వచ్చింది. నెల తిరక్కుండానే మార్చి 17న వచ్చిన 1.03 అప్‌డేట్‌లో, కలిసిన మనుషుల పేర్లూ గుర్తులూ మ్యాప్ మీద నమోదయ్యే ఏర్పాటు చేశారు. మంచి పని. అదే అప్‌డేట్‌లో ఇంకో వింత ఉంది. నెఫెలి లూ, కెనెత్ హైట్, డయాలోస్, కాపలాదారు గోస్టాక్ అనే పాత్రల కథలకు కొత్త ఘట్టాలు కలిపారు. అంటే ఆ మూడు వారాలు నెఫెలికి తర్వాత ఏమైందా అని కోటలూ గుహలూ తిరిగినవాళ్లు లేనిదాని కోసం తిరిగారు! ఇంటర్నెట్‌లో లేకపోవడం కాదు, అసలు ఆటలోనే లేదు. చెప్పకపోవడం మీ పద్ధతి అని నమ్మాం కాబట్టే మాలో చాలామందికి అనుమానం రాలేదు. మౌనం మీద అంత నమ్మకం సంపాదించిన మనిషి ఆ మౌనాన్ని ఇంకొంచెం జాగ్రత్తగా వాడాలి.

ఉద్యోగం, పిల్లలు, ట్రాఫిక్ అన్నీ అయ్యాక రాత్రి గంటసేపు ఆడుకునేవాడు వికీ తెరిస్తే నేను తప్పు పట్టను. నా స్నేహితుల్లో సగంమంది అంతే. నేను వాళ్లకు చెప్పేది ఒక్కటే. చోట్ల కోసం చూడకు, మనుషుల కోసం చూడు. గుహలో ఏముందో చూడకు, మిల్లిసెంట్ ఎక్కడుందో చూసుకో. ఆటగాళ్లు ఇలాంటి నియమం పెట్టుకోవాల్సి వచ్చిందంటే ఆట తన పనిలో సగం వాళ్ల మీద వదిలేసినట్టే. మీ వచ్చే ఆటలో ఆ సగం కూడా మీరే చేయమని అడుగుతున్నాను. బాణం గుర్తులు వద్దు, చేయాల్సిన పనుల చిట్టా వద్దు. అవి వస్తే మొదట గొడవ చేసేది మేమే. వెళ్లిపోయే మనిషి ఎటు వెళుతున్నానో ఒక ముక్క అననివ్వండి. లేదా ఆమె దాటివెళ్లిన ఊళ్లో ఎవరో ఒకరు ఆమెను చూశామననివ్వండి. కాలే ఉన్నాడుగా, అడిగితే చెబుతాడు. అలాంటివాళ్లను ఇంకో నలుగుర్ని పెట్టండి. ఆ తర్వాత కూడా పోగొట్టుకుంటే అది మా చేతకానితనం, మిమ్మల్ని ఒక్క మాట అనం.

ఇంకొక్క విన్నపం, ఇది మా భాషది. చిన్నప్పుడు మీ ఇంట్లో పుస్తకాలు కొనే స్తోమత లేక లైబ్రరీ నుంచి తెచ్చుకునేవారట. మీ వయసుకు మించిన ఇంగ్లిష్ కథలు సగమే అర్థమైతే, మిగతా సగం బొమ్మలు చూసి ఊహించుకునేవారట. మా కుర్రాళ్లు మీ ఆటను ఇప్పుడు సరిగ్గా అలాగే ఆడుతున్నారు. పాతకాలపు ఇంగ్లిష్‌లో వస్తువుల వర్ణనలు సగం చదివి, సగం ఊహించి. ఎల్డెన్ రింగ్ థాయ్‌లో ఉంది, పోలిష్‌లో ఉంది, ఒక్క భారతీయ భాషలోనూ లేదు. మొత్తం ఆటను తెలుగు చేయమనను. అది ఎంత పనో, ఎంత ఖర్చో ఊహించగలను. నేల మీద రాసే సందేశాల పట్టిక మాత్రం చిన్నది. అచ్చులూ పదాలూ ముందే ఖాయం కాబట్టి ఒసాకాలో ఎవరో జపనీస్‌లో రాసింది నాకు హైదరాబాద్‌లో ఇంగ్లిష్‌లో కనిపిస్తోంది. ఆ పట్టిక ఒక్కటి తెలుగులో ఉంటే చాలు, అది తెలుగులోనే కనిపిస్తుంది. ఆ కాగితాలు ఇటు పంపండి. డబ్బులు తీసుకోకుండా రాసిపెట్టేవాళ్లం ఇక్కడ చాలామందిమి ఉన్నాం. 'ముందు అబద్ధాలకోరు' నేను ఇప్పటికే చేసేశాను.

ఇట్లు,
మీ ఆటలాడే ఒక తెలుగు పత్రికా రచయిత,
హైదరాబాద్.